కోమల టీచర్ కొట్టేసిన మాట

మాకు ఏడో తరగతిలో తెలుగు చెప్పిన కోమల టీచర్ గురించి రాయాలంటే ముందు ఆమెతో నా కొట్లాట గురించే రాయాలి. ఇప్పుడు నేను నల్గొండలో నర్సును. డాక్టరుకు రోగి సంగతి చెప్పేటప్పుడు 'బాగానే ఉన్నాడు' అని తేల్చేయకుండా, చూసింది చూసినట్టు చెబుతాను. అది ఆమె చలవే.

దేవరకొండ దగ్గర మా బడికి ఆమె 2015లో బదిలీ మీద వచ్చింది. మనిషి సన్నం, గొంతు మాత్రం మైకు. వచ్చిన వారానికే 'అందంగా' అన్న మాటను మా తరగతిలో నిషేధించింది. "అందంగా అన్నావంటే ఏమీ చెప్పనట్టే. నువ్వు చూసింది నాకు కనిపించాలి" అనేది. గుట్ట అందంగా ఉందని రాసినవాళ్ళంతా గుట్ట దాకా పోయి మళ్ళీ చూసి రావాల్సి వచ్చింది.

ఒకరోజు బోర్డు మీద ఒక పక్క 'అప్పుడు' అనీ ఇంకో పక్క 'ఇప్పుడు' అనీ రాసి, మీలో ఏం మారిందో కవితగా రాయమంది. సగం మంది అప్పుడు చిన్నగా ఉండేవాళ్ళం, ఇప్పుడు పెద్దయ్యాం అని రాసి చేతులు దులుపుకున్నారు. రాకేష్ మాత్రం అప్పుడు మూడు ఇడ్లీలు తినేవాణ్ణి, ఇప్పుడు ఆరు తింటున్నాను అని రాశాడు. మేం పడీ పడీ నవ్వితే, వీడొక్కడే నిజం రాశాడని టీచర్ మెచ్చుకుంది.

నేను మా బాపు వీరేశం గురించి రాశాను. ఆయన కల్లు గీసేవాడు. అంతకు ముందటి ఏడు తాటిచెట్టు మీది నుంచి పడి నడుమూ కాలూ దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి నలుగురిలోకి రావడమే మానేశాడు. నా కవితను తల్లిదండ్రుల మీటింగులో చదవమని టీచర్ చెప్పింది. బిడ్డ చదువుతుందంటే వస్తానన్నాడు బాపు. ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు.

మీటింగుకు ముందు రోజు టీచర్ కాగితం దిద్ది ఇచ్చింది. 'బాపు' అన్న చోటల్లా ఎర్రగీత, పైన 'నాన్న'. 'తొవ్వ' పోయి 'దారి' వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. కాగితం ఆమె బల్ల మీదే పెట్టి, "నేను చదవ టీచర్" అన్నాను.

"ఎందుకు చదవవు?"

"నాన్న ఎవలో నాకు తెల్వదు. చెట్టు మీదికెల్లి పడ్డది మా బాపు."

దెబ్బ పడుతుందనుకున్నాను. ఆమె కుర్చీలో కూలబడింది. ఆమెది తిరుమలగిరి వైపు పల్లెటూరు. చదువుకునే రోజుల్లో తన మాటకు అందరూ నవ్వితే, పుస్తకం మాట నేర్చుకుని దాన్నే గట్టిగా పట్టుకుందట.

"మా బాపు సచ్చిపోతే దినాల కార్డు మీద నాన్నగారు అని అచ్చేయించిన, మల్లికా. బతికినన్ని దినాలు ఒక్కనాడన్న గట్ల పిల్వలే" అంది. ఆమె నోట మా మాట వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని, "తప్పు నాది. నువ్వెట్ల రాసినవో గట్లనే చదువు" అంది.

ఏడో తరగతి పిల్లతో తప్పు నాదని చెప్పిన పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఒక్క మాటకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మర్నాడు చదివాను:

అప్పుడు
బాపు భుజం మీద కూసుంటే
నా కాళ్ళు నేలకు అందకపోయేవి.
ఇప్పుడు
బాపు నా భుజం పట్టుకొని నడుస్తాండు.
తొవ్వల రాయి
ముందు నా కాలికే తాకుతది.

చదువుతున్నంతసేపూ తలెత్తలేదు. ముగించి చూస్తే, చివరి బెంచీ దగ్గర మా బాపు కర్ర ఊతంగా లేచి నిలబడి ఉన్నాడు. పక్కన కూర్చున్న మా తరగతి మెహ్రీన్ వాళ్ళ నాయిన, చోటే మియా, బాపు వైపు చూస్తున్నాడు.

"గా బాపు నేనే" అని ఆయనతో చెబుతున్నాడు మా బాపు.