బాయిలర్ బాబాయ్ మీద ఓటింగు

వాన మొదలైన కాసేపటికే బస్సు మొరాయించింది. డ్రైవరు బానెట్ ఎత్తాడు, లోపలికి తొంగిచూశాడు, దించాడు. "ఇక దీంతో కాదు, నడవగలిగినవాళ్లు నడవండి" అన్నాడు. బాయిలర్ బాబాయ్ ఖాళీ సబ్బు పెట్టెలు రెండు చంకన ఇరికించుకుని రోడ్డు పట్టాడు. మైలు నడిచాడో లేదో వెనక నుంచి కారొకటి వచ్చి పక్కన ఆగింది. అద్దం దిగింది. లోపల పాత మేనేజరు.

"ఎక్కవయ్యా, తడిసి ముద్దయిపోయావ్."

ఎక్కకూడదని బాబాయ్‌కి తెలుసు. ఆయన మోకాలికి తెలియదు. అది ముందే ఎక్కేసింది.

ఆరేళ్ల కిందట, సమ్మె చేశారన్న కోపంతో యజమాని సబ్బు ఫ్యాక్టరీ మూసేసినప్పుడు, ఆ నోటీసు గేటుకి అంటించిన చేతులు ఈ మేనేజరువే. నలభై మంది పనివాళ్లు బయటికి రాలేదు. లోపలే బైఠాయించారు. నెల తిరిగేసరికి ఊరికే కూర్చోవడం విసుగుపుట్టి సబ్బు కాయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి అక్కడ యజమాని లేడనాలి, లేదా నలభై మంది ఉన్నారనాలి. కోర్టులో కేసు ఇంకా నానుతూనే ఉంది.

"నిన్ను ఈ నెల సబ్బులకి కాగితం చుట్టే పనికి వేశారట?" అన్నాడు మేనేజరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. "మా హయాంలో ముప్పయ్యేళ్లు బాయిలర్ కాచినవాడివి. అక్కడేమో మీ బావమరిదిని నిలబెట్టారట. వాడు పాలు కూడా పొంగకుండా కాయలేడు కదయ్యా."

నిజమే. ఒకే మనిషి ఒకే చోట పాతుకుపోతే రేపు వాడే పెత్తందారు అవుతాడని, నెలనెలా పనులు మార్చుకోవడం వాళ్ల పద్ధతి. కానీ ఈ నెల పనులు మారి నాలుగు రోజులు కాలేదు.

"మీకెవరు చెప్పారు?"

"గాలి చెప్పింది" అని నవ్వాడు మేనేజరు.

దారి పొడుగునా బాబాయ్‌కి ముప్పై తొమ్మిది మొహాలూ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. అచ్చుల దగ్గరి కుర్రది ఈమధ్య కొత్త చెప్పులు కొనుక్కుంది. లెక్కలాయన ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడుతుంటాడు. పూర్వం ఎక్కడో చలిదేశంలో నేతగాళ్లు కొందరు కలిసి పిండి, వెన్న, చక్కెర అమ్మే ఉమ్మడి కొట్టు పెట్టుకున్నారని పుస్తకాల్లో ఉంటుంది. కొట్టు ఎలా పెట్టారో, నియమాలేం రాసుకున్నారో వివరంగానే ఉంటుంది. పక్కవాడి తూకం వంక ఓరకంట చూసుకుంటూ వాళ్లెన్ని రాత్రులు నిద్రపోలేదో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. కలిసి బతకాలనుకున్నవాళ్లకి అనుమానం కూడా ఉమ్మడి ఆస్తే.

ఫ్యాక్టరీ సందు మొదట్లో బాబాయ్ కారు దిగాడు. ఎదురుగా, బీడీ కాలుస్తూ, బావమరిది. చూశాడు. సగం కాలిన బీడీ పారేసి లోపలికి పోయాడు. అదే బాబాయ్‌ని భయపెట్టింది.

ఆ సాయంత్రం సోమవారం సభ. అందరూ సబ్బు పెట్టెల మీద గుండ్రంగా కూర్చుంటారు. వారంలో యజమాని తరఫువాళ్లతో ఎవరు మాట్లాడినా అందరి ముందూ చెప్పాలి. ఆ నెల సభ నడిపే వంతు ప్యాకింగ్ అక్కది. ఆమె అడగకముందే బాబాయ్ లేచి జరిగిందంతా చెప్పేశాడు.

"మన పనుల లిస్టు ఆయన నోట్లో ఆడుతోంది. మనలోనే ఎవరో మోస్తున్నారు" అని ముగించాడు.

"ఎవరో దేనికి బావా?" అన్నాడు బావమరిది. "కారు దిగింది నువ్వే కదా. ఆరేళ్లలో మాకెవరికీ కారాపలేదే ఆయన?"

"వానరా..."

"ఆ వాన మా మీదా కురిసింది."

"ఈ నెల బాయిలర్ తనకి రాలేదని బాబాయ్‌కి కడుపుమంట, నాకు తెలుసు" అందొక గొంతు. ఇంకో గొంతు వంత పాడింది. ప్యాకింగ్ అక్క కాసేపు తల పట్టుకుంది. చివరికి బాబాయ్ వంక చూడకుండా అంది: "సరే. బాబాయ్ బయటికి పోవాలనేవాళ్లు చేతులెత్తండి."

ఒకటి లేచింది. ఐదు. పన్నెండు. బావమరిది చెయ్యి నిటారుగా లేచింది. సగం దాటితే ఇల్లూ పనీ రెండూ పోయినట్టే. బాబాయ్ ఉండేది ఆ ఆవరణలోని గదిలోనే.

"కాస్త ఆగండర్రా" అంది ఆ నెల గేటు కాస్తున్న అవ్వ. "మొన్న ఆ మేనేజరు గేటు ముందు కారాపి, కళ్లజోడు పెట్టుకుని మరీ బోర్డు చదువుకుపోయాడు."

అందరూ అటు తిరిగారు. "మనకి దాపరికం లేదు" అని రోడ్డు వైపు పెద్ద బోర్డు పెట్టి, దాని కింద ఎవరికే పనో జానెడేసి అక్షరాలతో తామే రాయించుకున్న సంగతి ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చింది. రాసింది బావమరిదే. ఎవరో కిసుక్కుమన్నారు. ఎత్తిన చేతులు తల గోక్కోవడానికి పనికొచ్చాయి.

"మరి ఇంతవరకూ చెప్పలేదేం అవ్వా?"

"మాట్లాడితే చెప్పమన్నారు. ఆయన నాతో మాట్లాడలేదుగా."

నవ్వులు. బాబాయ్ కూడా నవ్వబోయాడు.

"ఆగాగు" అన్నాడు బావమరిది. "మేనేజరొచ్చాడని తెలిసీ అవ్వ ఎందుకు దాచింది? గేటు దగ్గర ఇంకెవరెవరు ఆగుతున్నారో?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముప్పై ఎనిమిది చూపులు అవ్వ మీద వాలాయి. అవ్వ కొంగు సర్దుకుంది.

"ఇదీ తేల్చాల్సిందే" అని గొణిగింది ప్యాకింగ్ అక్క. "అవ్వని గేటు నుంచి తీసెయ్యాలనేవాళ్లు..."

బాబాయ్ తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అది మోకాలి మీంచి అప్పటికే బెత్తెడు లేచి ఉంది. తనే లేపాడు. తనని కాపాడిన మనిషి మీదికి, రెండు నిమిషాలు తిరగకుండానే.

చేతిని కిందికి దించి లేచాడు. "బావా, ఎక్కడికి? ఓటింగు అవనీ" అన్నాడు బావమరిది. బాబాయ్ గదిలోకి వెళ్లి చొక్కాలు రెండు సంచిలో కుక్కుకున్నాడు, అవ్వ పక్కనుంచే గేటు దాటాడు, వానలో బస్సు రోడ్డు వైపు నడుచుకుంటూ పోయాడు. ఎవరికీ వెళ్లొస్తానని చెప్పలేదు.