మెల్లగా ఆరిన పొర

కనేరిలో మా ఒంటిగది ఖోలీ ఎదుటి బట్టల కార్ఖానాలో బాపు ముప్పై ఏళ్లుగా సాంచలు, అదే మరమగ్గాలు, నడుపుతున్నాడు. దూది నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడ్డాయి. డాక్టరు పని మానెయ్యమన్నాడు. "నీ పీహెచ్‌డీ కానియ్ బిడ్డా, గప్పుడు మానేస్త" అన్నాడు బాపు. ఆ మాట అని నాలుగేళ్లయింది.

దారిలో కాశేలి గోదాములకు పోయే లారీల వెనక బస్సులో నలిగి రోజూ ల్యాబుకు పోతాను. కరెంటు పారే పలుచని పొరను కార్బన్ సమ్మేళనాలతో చెయ్యడం నా పని. ద్రావణాన్ని గాజు పలక మీద వేసి వేడి మీద గబగబా ఆరబెడతాను. ఆరేటప్పుడు అణువులు పేర్చిన పళ్లేల్లా దగ్గరగా సర్దుకుంటే కరెంటు బాగా పారుతుంది, ఎడాపెడా పడితే నత్తనడకే. తప్పంతా అణువుదే అనుకుని ఏళ్ల తరబడి కొత్తవి తయారుచేస్తూ పోయాను. సర్దుకోవడానికి వాటికి సమయం ఇస్తున్నానా అని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇంత చదివిన మొద్దు నేనే అయ్యుంటాను.

మొన్న బాపుకు ఆయాసం ఎక్కువై కబురొస్తే, అప్పుడే ద్రావణం వేసిన పలక మీద మూత బోర్లించి పరుగెత్తాను. మూడు రోజులు దవాఖానాలోనే కూర్చున్నాను. బాపును ఇంటికి తెచ్చి, తిరిగి ల్యాబుకు వెళ్లేసరికి ఆ పలక మూత కింద మెల్లగా ఆరి ఉంది. దాని మీద ఉన్నది పోల్చి చూడ్డానికని మళ్లీ తీసిన, మొదటి ఏడాది పనికిరాదని పక్కన పెట్టిన అణువే. కొలిస్తే, ఇన్నేళ్లలో దేనికీ రానంత కరెంటు పారింది. సంతోషపడే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడి ఏడ్చాను.

ఆ ఒక్క పలకను చూపించి థీసిస్ రాసెయ్యొచ్చు. మళ్లీ మళ్లీ చేసి నిజమేనని తేల్చుకోవాలంటే ఇంకో ఏడాది పడుతుంది.

ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పాను. 'చాలు బిడ్డా, రాసెయ్' అంటాడని ఆశపడ్డాను. ఆయన ఆ మాట అని ఉంటే నేను ఒప్పుకుందును, పాపంలో ఇద్దరికీ వాటా ఉండేది.

"ఒక్కటే మంచిగొచ్చిందా?"

"ఒక్కటే బాపు."

"ఒక్క గజం జూసి తాకా బట్ట మొత్తం మంచిగున్నదని ఎట్ల చెప్తవ్? మడత ఇప్పితే తెల్వదా?" కాసేపు దగ్గాడు. "ఏడాదేనా?"

"ఏడాదే" అన్నాను. నిజానికి అదీ నాకు తెలియదు.

తెల్లారి ఆయన మూతికి రుమాలు కట్టుకుని కార్ఖానాలో పగటి పాలీ పనికి లేచాడు. నేను ఆపలేదు.