నామాలకోళ్లు మానేసిన ఏడు

"నేను తినను. ఆ కూర నా కంచంలో వెయ్యకు."

"వెయ్యనులే. పస్తుండు. ఆకలేస్తే నీ పద్యం నములు."

"అది కాదమ్మా, పాపం! దానికీ గూట్లో పిల్లలుంటాయిట. మాష్టారు చెప్పారు."

"మాష్టారికేం, చెప్తారు! వాళ్లింట్లో పొయ్యి ఊదేది ఆయనా?"

మూడో తరగతి చదివే మా అమ్మాయి, పక్షుల్ని పట్టడం పాపమనే పద్యం బడిలో నేర్చుకొచ్చిన సాయంత్రం, దానికీ నాకూ వంటింట్లో జరిగిన గొడవ ఇది. పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. కొల్లేటి ఒడ్డున, ఆకివీడు వైపు ఉండేది మా ఊరు.

పొయ్యి మీద ఉడుకుతున్నది నామాలకోడి. నల్లటి నీటిపక్షి, నుదుట తెల్లగా నామం పెట్టినట్టుంటుంది. చలికాలం వస్తే కొల్లేటి నిండా అవే. వలలు వేసి వాటిని పట్టే ఒకావిడ, వారానికోసారి రెండు పక్షులకి రెక్కలు మెలేసి తెచ్చి మా పెరటి గుమ్మంలో పెట్టేది. నేను ఆమె కొంగులో కుంచెడు ధాన్యం పోసేదాన్ని. మేం తీసుకుంటున్నామని చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ తీసుకునేవారు. పక్షులన్నీ ఊళ్లోనే చెల్లిపోతే ఆమెకి ఆకివీడు సంతకి పోయే పనుండేది కాదు. పోవాలంటే దోనె తొయ్యడానికి తనూ, గంప కనిపెట్టుకుని ఉండడానికి కూతురూ, ఇద్దరూ కదలాలి. ఆ బెడద లేదు గనకనే ఆ పిల్ల బడికి వచ్చేది. మా అమ్మాయి పక్కనే కూర్చునేది.

మా గొడవ సగంలో ఉండగా, పొద్దున పక్షుల్ని పెట్టి వెళ్లిన ఆవిడ ధాన్యం కోసం రానే వచ్చింది. మా అమ్మాయి నన్ను వదిలి ఆమె మీద పడింది.

"పక్షుల్ని పట్టడం పాపం, తెలుసా నీకు?"

ఆవిడ నవ్వింది. "తెలుసండీ చిన్నమ్మగారూ. ఆ పజ్జెం మా పిల్ల రోజూ పాడతాదండి. పాడతా పాడతానే వల ముడేత్తాదండి. వినీ వినీ నామాలకోళ్లక్కూడా వచ్చేసుంటాదండి!"

నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ ఏడు కొల్లేరు పొంగి మా పల్లపు చేలు నానిపోయాయి. గాదెలో అడుగు కనిపిస్తోంది. కుంచం చేతిలో పట్టుకుని నిలబడ్డదాన్ని, పిల్ల మాట అందిపుచ్చుకున్నాను.

"ఇదిగో, ఇవాళ్టి ధాన్యం పట్టుకెళ్లు. ఇంక పక్షుల్ని తేకు. పిల్ల వద్దంటోంది. మాకెందుకే ఈ జీవహింస?"

జీవహింస అన్న మాట అంతకుముందెన్నడూ నా నోట రాలేదు. పండక్కీ పబ్బానికీ కోడిని కోయించే ఇల్లు మాది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "మీరు మానేత్తే మిగతా ఇళ్లోళ్లూ మానేత్తారండి అమ్మగారూ. సంతకెళ్లాలండి. పిల్లని బడి మానిపించాలండి."

"ఏం, మాకు దయ కలగడం కూడా తప్పేనా?"

"తప్పని నేనెక్కడన్నానండీ... చిత్తమండీ." కొంగు పట్టింది. పోశాను. వెళ్లిపోయింది.

నేను చదివింది రెండో తరగతి. మా రోజుల్లో పద్యమంటే గడగడా అప్పజెప్పడమే. దాంట్లో ఏముందని అడిగిన వాళ్లూ లేరు, చెప్పిన వాళ్లూ లేరు. పిల్ల తెచ్చిన పద్యంలోంచి నాకు పనికొచ్చే ముక్క మాత్రం, పాత చీరలోంచి మసిగుడ్డ చింపుకున్నట్టు చింపుకున్నాను. పక్షి మీద దయకి నాకు ఖర్చు లేదు. పైగా వారానికి కుంచెడు మిగులు.

ఆ లెక్క నా కడుపులో ఇంకా అరగలేదు. మనవరాళ్లు పుస్తకం తీసి చెట్ల మీదో పిట్టల మీదో పాఠం చదువుతుంటే వింటాను. బాగుంటుంది. మధ్యలో లేచిపోతాను.

తన మాట నెగ్గిందని మా అమ్మాయి కాసేపు సంబరపడింది. తరవాత నా దగ్గరకొచ్చి నిలబడింది.

"అమ్మా, కోడి వద్దన్నాను గానీ, ధాన్యం ఇవ్వొద్దని నేననలేదుగా?"

"ఊరికే పొయ్యడానికి వడ్లేమన్నా వానలో కురిశాయా?"

"మరి వాళ్లేం తింటారు? వలవేసేవాళ్లింట్లో పిల్లలేం తింటారో కూడా ఆలోచించుకు రమ్మన్నారు మాష్టారు. రేపు అందరం చెప్పాలి."

"ఏదో ఒకటి తింటారు. నువ్వు ముందు చారు పోసుకుని తిను."

అది తినలేదు. పెరటి గుమ్మంలోంచి చూస్తే ఆవిడ ఇంకా గట్టు మీదే పోతోంది. పిలిస్తే వినపడేంత దూరమే. పిలుపు నోటిదాకా వచ్చింది. గాదె గుర్తొచ్చి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నీళ్లకి రేవుకి వెళ్లాను. ఆవిడ గడ వేసి దోనె తోస్తోంది. కూతురు గంప మీద రెండు చేతులూ వేసి ముందు కూర్చుంది. "సంతకెళ్లొత్తామండీ అమ్మగారూ" అంది తల్లి. పిల్ల నా వైపు చూడలేదు. నేను బిందె ముంచుకుని ఇంటికొచ్చేశాను. మా అమ్మాయి పలక తీసుకుని ఒక్కతే బడికి వెళ్లింది.