బాట పక్కన అత్త జీలుగు

మొన్న మా మద్దేడు సెంటర్లో కొత్తగా వేసిన ఫుట్‌పాత్ పక్కన లారీలోంచి పామ్ మొక్కలు దించుతుంటే, ఆ సంచుల్లోంచి తడిసిన కొబ్బరిపొట్టు వాసన గుప్పుమని వచ్చి నన్ను అక్కడే నిలబెట్టేసింది. నక్కతోకల్లాంటి ఆకులతో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏ చెట్టు ఎక్కడ పెట్టాలో ఎలా చూస్తారని సూపర్‌వైజర్ని అడిగితే, లిస్టు వచ్చిందమ్మా అన్నాడు.

మా తాతకు లిస్టు లేదు. బాట పక్కన చెట్టు పెట్టాలంటే ముందు ఆ బాట మీద ఒక పూటంతా కూర్చుని, ఎవరు నడుస్తున్నారో, నెత్తిన ఏం మోస్తున్నారో చూసేవాడు. తాటిని దూరంగా చేల గట్ల మీదికి తోలేసేవాడు. పండు రాలితే మనిషి నెత్తి పగులుతుంది, మట్టలేమో రంపాలు. ఈతను దగ్గరికి రానిస్తే సంతకు పోయే ఆడవాళ్ల పిక్కలు గీరుకుపోతాయి. కల్లుచెట్లలో బాట మర్యాద తెలిసింది జీలుగొక్కటే అనేవాడు. ముల్లు లేదు, కొమ్మ లేదు, నున్నటి మాను. ఉన్న ఒక్క పాడుగుణం దాని పండు. రసం తగిలితే ఒళ్లంతా దురద. అయితే గెల గీసి కల్లు దించుతున్నంత కాలం అది కాయనే కాయదు. అందుకని, రోజూ గీసే జీలుగుకే బాట పక్కన చోటు.

మగడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మా పోచమ్మత్తకు తాత అలాంటి చెట్టే ఇచ్చాడు. మా వైపు ఆడబిడ్డకు జీలుగు ఇవ్వడమంటే ఇంట్లో చోటు ఇవ్వడమే. ఇప్పపూలు ఎండేసిన చాపల మీంచి తీపివాసన లేచే ఎండాకాలపు పొద్దుటిపూట, మేం పిల్లలం తాటికాయ బండ్లు తోలుకుంటూ చుట్టూ తిరుగుతుంటే, అత్త లొట్టి ముందు పీటేసుకుని కూర్చుని ఆకుదొప్పల్లో కల్లు వంచేది. ఎప్పుడూ ఎవరితోనూ మెత్తగా మాట్లాడని మా చిన్నాయన కూడా ఆ కాసేపు ఆమెను అక్కా అక్కా అనేవాడు.

రోడ్డు వెడల్పు చేస్తామని ఓ సాహెబు వచ్చినప్పుడు నేను ఐదో తరగతి. నడిచేవాళ్లకు ఇబ్బంది లేని చెట్టుకు సున్నం పట్టీ, కొట్టేసేదానికి ఎర్రగీత. ఆయనకు హిందీ తప్ప రాదు, అత్తకు తెలుగూ మా ఇంటిభాష దోర్లీ తప్ప రావు. హిందీ బడిలో చదివే నేనే మధ్యలో నోరయ్యాను. దీన్నుంచి ఏమైనా రాలుతుందా అని ఆయన అడిగాడు.

"గీసినన్ని రోజులు ఏం రాలదని చెప్పు కోడలా. నా చెట్టు మంచిదని చెప్పు" అంది అత్త.

ఉన్నది ఉన్నట్టు చెబితే నాకు నోరు చప్పగా ఉంటుంది. అప్పటికీ అంతే, ఇప్పటికీ అంతే. నేను దురదతో మొదలుపెట్టాను. జీలుగుపండు ఓ సేటు బట్టతల మీద పడిందనీ, ఆయన గోక్కుంటూ ఇంద్రావతి దాకా పరుగెత్తి దూకితే, చేపలన్నీ ఒడ్డుకొచ్చి రాళ్లకు ఒళ్లు రుద్దుకున్నాయనీ చెప్పాను. సాహెబు నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పని అయిందనుకుని అత్త కూడా నవ్వింది. గీసినన్ని రోజులు ఏం రాలదన్న సంగతి మాత్రం నేను చెప్పనేలేదు.

మర్నాడు చెట్టు మీద ఎర్రగీత ఉంది. తాత వెతుక్కుంటూ వెళ్లేసరికి సాహెబు పైఊరికి దాటిపోయాడు. కూలీలకు ఎర్రగీతే మాట. సగం గీసిన గెలతో మాను బాటకడ్డంగా పడింది. గెలలోంచి కారిన కల్లుకు సాయంత్రం దాకా ఈగలు ముసిరాయి.

సాహెబుకు ఏం చెప్పారని తాత వాకిట్లో అడిగాడు. నేను గుంజ వెనక్కి జరిగాను. అత్త నన్నొకసారి చూసింది.

"దురదపండ్లు రాల్తయని నేనే చెప్పిన నాయినా."

"గీసే చెట్టని చెప్పనీకి నోరు రాలేదా ఏందే?"

ఆమె లొట్టి తీసుకుని పెరట్లోకి పోయింది. చెట్టు నిలుపుకోలేనిదన్న పేరు ఆ పూటే పడింది. తాత ఆమెకు ఇంకో చెట్టు ఇవ్వలేదు. ఇంకో చెట్టు కింద దొప్పల్లో కల్లు వంచే పీట మా చిన్నమ్మకు పోయింది. అత్త పెరట్లో చింతపండు గింజలు తీస్తూ, అందరూ తిన్నాక తింటూ పదకొండేళ్లు బతికింది.

తాత పోయాక, అత్త ఇంకా ఉండగానే, ఒకరోజు ఇంటిల్లిపాది ముందు నిజం చెప్పాను. "మళ్లా మొదలువెట్టింది" అని చిన్నమ్మ నవ్వింది, అందరూ నవ్వారు. సాక్ష్యానికి అత్త వైపు తిరిగాను. ఆమె చాటలోంచి తలెత్తలేదు.

"దాని మాటలు నమ్ముతరా. నేనే చెప్పిన" అంది.

అది నన్ను కాయడమో, నాకు వేసిన శిక్షో నాకింకా తెలీదు. ఇన్ని కథలు అల్లినదాన్ని, దీనికి మాత్రం ముగింపు అల్లలేకపోయాను.

ఇప్పుడు మద్దేడు దాటినా బాట పక్కన గీసే జీలుగు లేదు. గీసే మనుషుల పిల్లలు సిమెంటు పనులకు పోయారు. ఒకప్పుడు ఈ బాట మీద ప్రతి చెట్టుకూ ఒక పేరుండేది: ఫలానా ఆమెది, ఫలానా వాళ్లది. లారీ ఖాళీ అయ్యాక, సరిగ్గా అత్త చెట్టున్న చోట నాటిన మొక్కను చూపించి ఇది ఎవరిదని కూలిపిల్లను అడిగాను. సర్కారుది అంది, నీళ్లు పోయకుండానే తర్వాతి గుంటకు పోతూ.