అన్న ఎత్తిన చెయ్యి

తొంభైల చివర్లో మెట్‌పల్లిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన ఆయనను అందరం అన్న అనేవాళ్లం. ఉన్న ఒక్క ఫోన్ లైనును ప్రాక్సీ సర్వరు పెట్టి కంప్యూటర్లన్నిటికీ పంచేవాడు. లైను మొరాయిస్తే సర్వరును ఆపేసేవాడు కాదు. కొత్తవాళ్లను తీసుకోవద్దని మాత్రం దానికి చెప్పి, ఎడమ చెయ్యి పైకెత్తేవాడు.

"బంద్ గాలే, జర ఆగుర్రి. లోపలున్నోళ్లది కానియ్యిర్రి!"

ఆ చెయ్యి దిగితేనే మళ్లీ కొత్తవాళ్ల వంతు.

ఎంసెట్ ఫలితాల రోజు రోడ్డు దాకా జనం. నా పేజీ సగం తెరుచుకునేసరికి అన్న చెయ్యి లేచింది. పక్క కంప్యూటరు ముందు అప్పుడే కూర్చున్నది ఆయన సొంత చెల్లె.

"అన్నా, నాదొక్కటి పోనియ్యరాదు!"

"నువ్వైనా ఆగాలె."

నా ర్యాంకు తెర మీద పడింది. ఎగిరి గంతేశాను! అన్న కుడిచేత్తో మీట నొక్కి సర్వరుకు మళ్లీ దారి తెరిచాడు. చెల్లె పేజీ వచ్చింది.

"అన్నా, నాకు మెడిసిన్ల సీటొస్తది!"

అన్న నోరు తెరిచి తెరనే చూస్తున్నాడు. నా కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా క్యూలో ఒక్కరూ కదలడం లేదు.

చివరికి రోడ్డు మీది నుంచి ఎవరో అరిచారు.

"అన్నా, ఇగనన్న గా చెయ్యి దించు!"