తుపాకీదారుల సంఘం చందా విందు

1983 జూన్‌లో నన్ను అమలాపురం ఆర్డీవో ఆఫీసులో మెజిస్టీరియల్ సెక్షనుకి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. సినిమా హాళ్ల లైసెన్సులు, బాణసంచా దుకాణాలు, ఊరేగింపులకు అనుమతులు, తుపాకులు, అన్నీ ఆ సెక్షను కిందే. ఆ కుర్చీలో అంతకు ముందు ఆడవాళ్లెవరూ కూర్చోలేదు. అమ్మగారికి తుపాకుల సెక్షనేవిటని ఆఫీసులో నాలుగు రోజులు గుసగుసలాడుకున్నారు. నాకు నోరు కాస్త ఎక్కువేనని వాళ్లకి అప్పటికింకా తెలియదు.

తుపాకీ లైసెన్సు ఇచ్చే అధికారం కాకినాడలో కలెక్టరుగారిది. మా పని విచారణ చేసి సిఫారసు పంపడం. పోలీసు రిపోర్టు విడిగా వెళుతుంది. ఆ ఏడు పై నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ఉన్న లైసెన్సులన్నీ తిరిగి పరిశీలించండి, అవసరం లేనివి రెన్యువల్ చెయ్యకండి అని దాని సారాంశం. దాంతో మా డివిజన్లో పెద్ద ఆసాములందరికీ కాళ్ల కింద నేల కదిలింది. వాళ్లలో చాలామంది తుపాకీ పేల్చి ఏళ్లయింది. హాల్లో గోడకి తగిలించుకోవడానికీ, పెళ్లిళ్లలో వెనకాల మనిషి చేత మోయించుకోవడానికీ తప్ప దాంతో వాళ్లకి పనిలేదు. అయినా తాతలనాటి తుపాకీ ఊడిపోతే ఊళ్లో తల ఎత్తుకోలేమని వాళ్ల బాధ.

కొత్తపేట వైపు తుపాకీదారులకి ఒక సంఘం ఉండేది. ఎన్నికలప్పుడు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగిస్తే తుప్పు పట్టి తిరిగొస్తున్నాయని అర్జీలు పెట్టడం అప్పటిదాకా దాని పని. ఇప్పుడు హైకోర్టుకి వెళ్లాలని తీర్మానించుకున్నారు. వకీలు ఖర్చులకి చందాలు పోగెయ్యడానికి దసరాల్లో ఆయుధపూజ నాడు ఒక రైస్ మిల్లు ఆవరణలో విందు పెట్టారు. ఆహ్వానం ఆర్డీవోగారికి వచ్చింది. రేపు కోర్టులో ప్రతివాదిగా నిలబడవలసిన మనిషి ఆ విందులో విస్తరి ముందు కూర్చోలేడు కదా. నన్ను పిలిచి, వెళ్లి భోంచేసి, ఏం మాట్లాడుకున్నారో వచ్చి చెప్పమన్నారు. నోటిమాట మీద వెళ్లనని, రాతపూర్వకంగా ఇప్పించమని అడిగాను. నవ్వి రాసిచ్చారు. చందా ఇవ్వకూడదు, కానుక పుచ్చుకోకూడదు, వేదిక ఎక్కకూడదు. సర్వీసు నిబంధనలు ఆ మూడూ వద్దంటాయి. భోజనం వద్దని మాత్రం ఎక్కడా లేదు.

ఆ విందుకి వెళ్లడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. యేసురత్నమని, గోదావరి లంకలో కౌలుకి చిలగడదుంప, వేరుశనగ వేసే రైతు. పంట కాపలాకి తుపాకీ కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. వరదలప్పుడు ఏటికి అడ్డంపడి వచ్చిన అడవి పందులు లంకల్లో ఉండిపోయి పిల్లల్ని పెట్టాయి. కిందటేడు దుంప మొత్తం తవ్విపారేశాయి. తరమబోయిన అన్నగారి తొడ చీల్చేసింది ఒక పంది. ఆయన ఇప్పటికీ కర్ర ఊతంతోనే నడుస్తున్నాడు. ఈసారి కూడా పంట పోతే కౌలు వేరేవాళ్లకి పోతుంది, ఆ కుటుంబానికి ఇంకో ఆధారం లేదు. నేను స్వయంగా వెళ్లి ఆ పొలం చూశాను, దున్నినట్టే ఉంది. అయినా ఫైలు కదలదు. సంఘం ప్రెసిడెంటు సత్తిరాజుగారు అభ్యంతరం పెట్టారు. కౌలుదార్లకి కొత్తగా తుపాకులిస్తే దుర్వినియోగం అవుతాయని, శాంతిభద్రతలకి ముప్పని అందులో ఉంది. పలుకుబడిగల మనిషి పెట్టిన అభ్యంతరానికి జవాబు లేకుండా సిఫారసు పంపితే కాకినాడలో అది మూలన పడుతుంది. తుపాకీ మా హక్కని కోర్టుకెక్కేవాళ్లే ఇంకొకడికి తుపాకీ వద్దంటున్నారు! నాకు ఒళ్లు మండిపోయింది.

విందు అయిదింటికన్నారు. నేను అయిదింటికే వెళ్లాను. మా వైపు అయిదంటే ఏడని ఉద్యోగంలో పడ్డాక కూడా నాకు వంటబట్టలేదు. మిల్లు అరుగు మీద కొత్త చాపలు పరిచి, తుపాకులన్నీ వరసగా పెట్టి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూలు వేశారు. ఒక్కొక్క తుపాకీ పక్కన ఒక్కొక్క మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. తుపాకీ సొంతదారు ఒక్కడూ లేడు. ఆ వరసలో ఒక రెండు గొట్టాల తుపాకీ పక్కన యేసురత్నం కనిపించాడు. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఇదెవరిదని అడిగాను.

"ఆయ్, సత్తిరాజుగారిదండీ. మధ్యాన్నమే సైకిలు మీద తెచ్చేనండి. ఆయనగారు చీకటిపడ్డాక కారులో వత్తారండి."

మిగిలినవాళ్లని అడిగితే అందరిదీ అదే జవాబు. అప్పుడు నాకు విషయం పూర్తిగా బోధపడింది. పెద్దమనిషన్నవాడు తన తుపాకీ తాను మోసుకోవడం అక్కడ నామోషీ. తాతల కాలం నుంచీ మనిషి ముందు తుపాకీ తీసుకెళతాడు, దొర వెనకాల తీరిగ్గా వస్తాడు. చట్టం మాత్రం వేరేలా చెబుతుంది. లైసెన్సు లేనివాడు తుపాకీ పట్టుకోవాలంటే సొంతదారు పక్కనుండాలి, లేదా ఆయన రాసిచ్చిన చీటీ ఉండాలి. లేదంటే లైసెన్సులోనే అతని పేరు రిటైనరుగా, అంటే యజమాని తరఫున తుపాకీ ఉంచుకోదగ్గ మనిషిగా ఎక్కి ఉండాలి. అక్కడ ఏ ఒక్కరికీ ఈ మూడిట్లో ఏదీ లేదు. సంఘం సంఘమంతా చట్టం తప్పి, తప్పిన సరుకుని వరసగా పేర్చి పూజ చేస్తోంది.

సంతోషించాల్సిన నాకు ఇంకో సంగతి తట్టింది. స్టేషనుకి కబురు పెడితే మొదటి కేసు ఎవరి మీద పడుతుంది? తుపాకీ ఎవరి చేతిలో దొరికితే వాడి మీద. యేసురత్నం ముద్దాయి అవుతాడు, ఇక జన్మలో లైసెన్సు రాదు. దొరలు మాకేం తెలుసంటారు. మా తాత కూడా ఇలాంటివారి వెనకాల ఛత్రీ పట్టుకు నడిచినవాడే. ఎండ తగిలింది ఆయనకి, మాటలు పడిందీ ఆయనే. అందుకని నోరు మూసుకుని ఊరుకున్నాను. నేను నోరు మూసుకోవడం అరుదు.

ఏడున్నరకి అంతా చేరారు. నన్ను లోపల ఆడవాళ్లతో కూర్చోబెట్టబోయారు. డ్యూటీ మీద వచ్చానండీ, అందరికీ కనబడే చోట కుర్చీ వేయించండి అన్నాను. వేయించారు. పనసపొట్టు కూర, కందా బచ్చలీ, పూతరేకులు, మొహమాటపెట్టి మరీ వడ్డించారు. వంటకి వంక పెట్టలేను. చందాల పళ్లెం నా ముందుకి వస్తే చేతులు కట్టుకు కూర్చున్నాను.

తరవాత సత్తిరాజుగారు లేచారు. మనిషి చెడ్డవాడు కాదు, మాట ధాటి గలవాడు. తుపాకీ తమ వంశగౌరవమని, దాన్ని తీసుకునే హక్కు ఏ సర్కారుకీ లేదని అరగంట చెప్పారు. అంతటితో ఆగినా బాగుండేది. నా వైపు తిరిగి, ఈ మధ్య లంకల్లో కౌలుదార్లు కూడా తుపాకులకి దరఖాస్తులు పెడుతున్నారని, అమ్మగారు అలాంటివి మొదట్లోనే తిప్పి పంపాలని సభ తరఫున కోరారు. వాళ్లకి తుపాకీ పట్టుకోవడం చాతనవునా, నలుగురి ప్రాణాలతో వాళ్లని నమ్మగలమా అని అడిగారు. చప్పట్లు మోగాయి. యేసురత్నం అరుగు చివర తలొంచుకుని నిలబడి ఉన్నాడు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. వేదిక ఎక్కను కాబట్టి ఉన్నచోటే లేచాను.

"సత్తిరాజుగారూ, మీ తుపాకీ ఇవాళ ఇక్కడికెలా వచ్చిందండీ?" అని అడిగాను.

"మా యేసురత్నం తెచ్చేడండీ. నేనే మోసుకు రావాలంటారా ఏవిటి?" అన్నారు. అందరూ నవ్వారు.

తెచ్చేటప్పుడు మీరు పక్కనే ఉన్నారా అంటే వెనకాల కారులో వచ్చానన్నారు. చీటీ ఇచ్చారా అంటే మా ఇంట్లో మనిషికి చీటీ ఎందుకండీ అన్నారు. ఎన్నాళ్ల నుంచి మోస్తున్నాడంటే, వాడి తండ్రి మోశాడు, పదేళ్లుగా వీడు మోస్తున్నాడు, ఒక్కనాడూ పొరపాటు జరగలేదు అని గర్వంగా చెప్పారు. వేదిక మీదున్న వాళ్ల వకీలుగారి మొహం అప్పటికే పాలిపోయింది. ఆయన సత్తిరాజుగారి పంచె అంచు పట్టుకుని లాగుతున్నాడు.

అప్పుడు రూలు చెప్పాను. లైసెన్సు లేనివాడు తుపాకీ మొయ్యడం ఎంత నేరమో, అలాంటివాడి చేతికి తుపాకీ అప్పగించి పంపడం కూడా అంతే నేరమని, ఆ పంపిన సంగతి ఇప్పుడు నిండు సభలో నా ఎదుట ఒప్పుకున్నారని చెప్పాను. ఎవరికి వాళ్లు తమ తుపాకీ ఎలా వచ్చిందో తలుచుకుంటున్నారు. ఆ తరవాతి మాట నేను మెల్లగానే అన్నాను.

"పదేళ్లు తుపాకీతో మీ వెనకాల నడిచిన మనిషిని మీరు నమ్మేరు. మీ వీపే ఆయనకి అప్పగించేరు. సర్కారు నమ్మితే ముప్పేవిటండీ?"

సత్తిరాజుగారు నన్ను చూశారు, యేసురత్నాన్ని చూశారు. కూర్చున్నారు. మళ్లీ లేచారు. ఆయనకి నేను ఈ గౌరవం ఇచ్చి తీరాలి, బుకాయించలేదు.

"ఆ అభ్యంతరం రేపే వెనక్కి తీసుకుంటానండి. వాడు మంచోడేనని కూడా రాసిత్తాను" అన్నారు.

ఇవాళ ఎవరి తుపాకీ వారే చేత్తో పట్టుకు వెళ్లాలని, వారం తిరక్కుండా రిటైనర్ల పేర్లు ఎక్కించుకోవడానికి దరఖాస్తులు పెట్టుకోవాలని చెప్పాను. చూడవలసిన దృశ్యం అది! కాకర పువ్వొత్తి కాల్చాలన్నా భయపడే ఆసాములు కొందరు తుపాకుల్ని పసిపిల్లల్లా రెండు చేతులా ఎత్తుకుని కార్లెక్కారు. వంటవాళ్లు, వడ్డించే ఆడవాళ్లు పైట చెంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. యేసురత్నం చేతులూపుకుంటూ సైకిలెక్కి వెళ్లాడు. అంత తృప్తిగా నేను ఏ విందు నుంచీ ఇంటికి రాలేదు.

మర్నాడు జరిగింది జరిగినట్టు ఆర్డీవోగారికి రాసిచ్చాను. ఆయన సొంతదారులందరికీ హెచ్చరిక మెమోలు పంపి, మోసినవాళ్ల జోలికి వెళ్లలేదు. సత్తిరాజుగారు మాట నిలబెట్టుకున్నారు. పోలీసు రిపోర్టు కూడా అనుకూలంగా వచ్చింది. కలెక్టరుగారి సంతకంతో యేసురత్నానికి ఒంటి గొట్టం తుపాకీ లైసెన్సు వచ్చింది. పత్రం పుచ్చుకుని ఆయన నన్నొక సందేహం అడిగాడు. వాళ్ల అన్నయ్య ఒకసారి తుపాకీ పట్టుకు చూస్తానంటున్నాడట, ఇవ్వొచ్చాండీ అని. నువ్వు పక్కనుంటే పట్టుకోవచ్చన్నాను. ఆ ఏడు లంకలో చిలగడదుంప నిలిచింది. రావులపాలెం సంతకి బండ్లు కట్టారు. కౌలు వాళ్ల చేతుల్లోనే ఉంది.

సంఘం హైకోర్టుకి వెళ్లనేలేదు. రిటైనర్ల పేర్లెక్కించుకునే పనిలో పడిపోయారు.

ఆ తరవాత పాతికేళ్లు ఎన్నో విచారణలు చేశాను. దరఖాస్తుదారు యోగ్యుడా కాదా అని ఊరంతా తిరిగి అడిగే అలవాటు మాత్రం ఆ రోజుతో మానేశాను. ముందు అభ్యంతరం పెట్టినవాడి ఇంటికి వెళ్లి కూర్చునేదాన్ని. ఆ దరఖాస్తుదారు చేత తన ఇంట్లో ఏయే పనులు చేయించుకుంటున్నాడో అడిగేదాన్ని. నాకు కావలసిన సాక్ష్యం చాలాసార్లు అక్కడే దొరికింది.