బాబాయి కుడికన్ను

మొన్నటి గాలివానకి మా తోటలో రెండు రసం మామిడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కాయ ఇంకా టెంక కట్టలేదు, ఈ ఏడాదికి అంతే సంగతులు. మర్నాడు పొద్దున్నే మైలవరం నుంచి ఒకతను ఆటో ట్రాలీ వేసుకుని దిగాడు. లేతు మిషను మీద కొయ్యని గిర్రున తిప్పి గిన్నెలూ చపాతీ కర్రలూ తీస్తాడట, మొద్దులు కావాలన్నాడు. చుట్టూ తిరిగి, తట్టి చూసి, "వీటికి మేకులేమైనా కొట్టారా మాస్టారూ?" అని అడిగాడు. ఆ మొద్దు మీదే కూలబడ్డాను.

పదేళ్ల కిందట ఇదే మాట మా బాబాయి అడిగాడు. మా నాన్నకి తమ్ముడు. రెడ్డిగూడెం రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఆయనకీ ఒక లేతు మిషను ఉండేది. గాలివాన వెలిసిందంటే తోటలున్నవాళ్లంతా నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే ఆయన మాత్రం హుషారుగా సైకిలెక్కేవాడు. "బయల్దేరాడమ్మా, శవాలు ఏరుకోడానికి!" అని పిన్ని సాగదీసేది. పొయ్యిలోకి పోయే మొద్దుల్ని బతిమాలి తెచ్చుకుని, పగలకుండా చివర్లకి పాత పెయింటు పూసి, ఏడాది నీడన ఆరబెట్టేవాడు. ఆ తర్వాత ఆయన చేతిలో తిరిగిన గిన్నెని ముట్టుకుంటే కింద పెట్టబుద్ధేసేది కాదు. షెడ్డంతా తియ్యటి పొట్టు వాసన.

ఆ ఏడు మా పెరట్లో పెద్దరసం చెట్టు పడిపోతే తీసుకెళ్లమన్నాను. "ఒరేయ్, దీనికి మేకులు కొట్టలేదు కదా?" అన్నాడు. మా వైపు కాపు రాని చెట్టుకి ఇనప మేకులు దిగేస్తారు, భయపడి కాస్తుందని. బెరడు పూడుకుపోయాక అవి పైకి కనపడవు. ఆ చెట్టుకి నాలుగు మేకులు కొట్టింది నేనే. అమ్మ పోరు పడలేక, నాన్న ఊళ్లో లేనప్పుడు. కానీ నేను సైన్సు మాస్టారుని, మూఢనమ్మకాల మీద పిల్లల చేత వ్యాసాలు రాయించినవాణ్ణి. పక్కన మా స్కూలు తెలుగు మాస్టారు కూడా నిలబడి ఉన్నాడాయె. "అబ్బే, మా ఇంట్లోనా! ఏం మాటలు బాబాయ్" అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడాది ఆగి ఆ మొద్దుని మిషనెక్కించాడు. ఉలి మేకుకి తగిలింది. ఇనప ముక్క ఎగిరొచ్చి కుడికంట్లో దిగింది. ఆస్పత్రిలో కన్ను తీసేశారు. మిగిలిన ఒక్క కంటితో ఉలి ఎక్కడ ఆనుతోందో ఆయనకి తెలిసేది కాదు. షెడ్డుకి తాళం పడింది.

మంచం పక్కన నిలబడి చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేం బాధపడకురా, నీకేం తెలుసు? మీ నాన్నే కొట్టుంటాడు. అన్నయ్య బతికున్నప్పుడు నాకొక్క మాట చెప్పుంటే బావుండేది." మేకుల మాటెత్తితేనే అమ్మ మీద కేకలేసిన మనిషి మా నాన్న. నేను తల దించుకుని, "అయ్యుంటుంది బాబాయ్" అన్నాను.

ఆ తర్వాత నాన్న తద్దినానికి బాబాయి రావడం మానేశాడు. మా ఇంటికొచ్చినా అన్న ఫొటో వైపు చూసేవాడు కాదు. నేను మాత్రం ప్రతి ఆదివారం వెళ్లి, పిన్ని ఇచ్చిన కాఫీ తాగి, చెప్పకుండానే లేచొచ్చేవాణ్ణి. అలా ఎనిమిదేళ్లు. పోయినేడు బాబాయి పోయాడు. వెళ్లిన ప్రతిసారీ, వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకున్నాను. ఆ ఆదివారాలన్నీ వచ్చాయి, ఒక్కటీ తప్పకుండా వచ్చాయి.